ఓడ మీద తండ్రి పేరు

యానాం దగ్గరి గాడిమొగ తెలిసినవారికి సముద్రం అడుగున గ్యాసు పైపులంటే కొత్త సంగతేమీ కాదు. కృష్ణా-గోదావరి బేసిన్‌లో లోతు నీళ్ల కింద తీసిన గ్యాసు పైపుల గుండా అక్కడే ఒడ్డుకు చేరుతుంది. అంత లోతున పైపులు పరచడానికి ప్రత్యేకమైన ఓడలుంటాయి. అలాంటి ఓడల్లో అతి పెద్దదాని కథ మన యువత వినాలి. ఇంజనీరింగ్ కోసం కాదు, దాని పేరు కోసం.

ముందు ఆ ఓడ ఏం చేస్తుందో చూద్దాం. దక్షిణ కొరియాలో కట్టిన దాని పొడవు 382 మీటర్లు, వెడల్పు 124 మీటర్లు. పైపు ముక్కల్ని ఓడ మీదే ఒకదానికొకటి వెల్డింగ్ చేస్తారు. ప్రతి అతుకునూ పరీక్షించి పూత పూస్తారు. ఓడ మెల్లగా కదులుతుంటే పైపు నీళ్లలోకి దిగుతూ, ఇంగ్లిషు ‘ఎస్’ అక్షరంలా వంగి అడుగుకు చేరుతుంది. ఆ బరువును పైనుంచి బిగించి పట్టుకోకపోతే పైపు నలిగిపోతుంది. అందుకే 2,000 టన్నుల లాగుడును తట్టుకునేలా ఈ ఓడను కట్టారు. నల్ల సముద్రంలో సుమారు 2,200 మీటర్ల లోతున, రష్యా నుంచి టర్కీకి వెళ్లే టర్క్‌స్ట్రీమ్ పైపులను పరచింది ఇదే. 2017లో ఉత్తర సముద్రంలో పాతబడిన బ్రెంట్ డెల్టా చమురు వేదిక పైభాగాన్ని, 24,000 టన్నుల బరువును, ఒక్కసారిగా ఎత్తి తీసుకొచ్చింది.

ఇప్పుడు ఈ ఓడ పేరు పయనీరింగ్ స్పిరిట్. కానీ యజమాని మొదట పెట్టిన పేరు పీటర్ షెల్టె. ఓడను కట్టించిన ఆల్‌సీస్ కంపెనీని 1985లో స్థాపించిన ఎడ్వర్డ్ హీరెమాకు అది తండ్రి పేరు. పీటర్ షెల్టె హీరెమా డచ్ ఇంజనీరు, సముద్రపు క్రేన్ల పనిలో దారి చూపినవాడు. హిట్లర్ సైన్యంలోని వాఫెన్ ఎస్‌ఎస్‌లో అధికారి కూడా.

నెదర్లాండ్స్ నుంచి లక్షమందికి పైగా యూదులను నాజీలు చంపారు. ప్రాణాలతో మిగిలినవారూ, వారి పిల్లలూ ఉన్న దేశానికి, 2015 జనవరిలో, ఆ పేరు రాసుకుని ఓడ వచ్చింది. యూదు సంఘాలు నిరసన తెలిపాయి. బ్రిటన్‌లో ఓడ కార్మికుల యూనియన్ గొంతు కలిపింది. ఓడకు పని ఇచ్చిన షెల్ కంపెనీ కూడా ఆ పేరు మీద అభ్యంతరం చెప్పింది. ఫిబ్రవరిలో ఆల్‌సీస్ పేరు మార్చింది.

కొడుకు వైపు నుంచీ ఆలోచిద్దాం. ఎవరినీ నొప్పించాలని కాదు, సముద్రపు పనిలో తండ్రి సాధించినదాన్ని గౌరవించాలనే ఆ పేరు పెట్టానని ఆయన అన్నాడు. తండ్రిని సన్మానించమనే ఆజ్ఞ మనకూ ఉంది. పైగా పీటర్ షెల్టె 1943లో నాజీల నుంచి తప్పుకున్నాడు. ప్రతిఘటన ఉద్యమానికి సాయం చేశాడని యుద్ధం తర్వాత కోర్టు అతని మీద కొంత కనికరం చూపింది. మరి క్షమాపణ గురించి బోధించే మనం, ఇంకా ఆ పేరును తవ్వడమెందుకు అనాలా?

నేనలా అనను. క్షమాపణ వేరు, సన్మానం వేరు. తప్పు చేసినవాడు మళ్లీ బతకాలి, పని చేసుకోవాలి. అది అతనికి దొరికింది. పేరును ఎత్తి లోకమంతా తిప్పడం మరో సంగతి. దానికి అనుమతి ఇవ్వవలసింది కుటుంబం ఒక్కటే కాదు, గాయపడినవారు కూడా. నోవహు కొడుకులు తండ్రి సిగ్గును చూడకుండా వెనక్కి నడిచి వచ్చి బట్ట కప్పారు. దాన్ని జెండాగా ఎగరేయలేదు. నెహెమ్యా ఇంకో అడుగు వేశాడు. తన పాపంతోపాటు తన తండ్రి ఇంటి పాపాన్నీ దేవుని ముందు ఒప్పుకున్నాడు. తండ్రిని సన్మానించడమంటే ఆయన గురించి నిజం చెప్పడం కూడా.

ఈ కథలో ఒక విచిత్రం ఉంది. ఇంతకంటే పెద్ద ఓడ కట్టాలని ఆలోచించినప్పుడు అదే కంపెనీ దానికి అనుకున్న పేరు ‘అమేజింగ్ గ్రేస్’. ఆ కీర్తన రాసిన జాన్ న్యూటన్ ఒకప్పుడు బానిసల ఓడలకు కెప్టెన్. తర్వాత పాదిరి అయ్యాడు. కానీ కీర్తన రాసి ఊరుకోలేదు. 1788లో బానిస వ్యాపారం గురించి పుస్తకం ప్రచురించి, ఆ ఓడల్లో జరిగిన దారుణాలనూ, అందులో తన పాత్రనూ బాహాటంగా ఒప్పుకున్నాడు. కృప అతని గతాన్ని దాచలేదు, దాన్ని చెప్పే ధైర్యాన్నిచ్చింది.

ఇదంతా దూరదేశపు సంగతి అనుకోవద్దు. మన సంఘాల్లోనూ శంకుస్థాపన రాళ్లున్నాయి, హాళ్లకు పేర్లున్నాయి, ఫ్యాన్ల మీద కూడా దాతల పేర్లున్నాయి. స్థలం ఇచ్చినవాడు కూలీలకు కూలి ఎగ్గొట్టాడా? పెద్దగా కూర్చున్నవాడు కులం పేరుతో తోటి విశ్వాసులను వెనక బెంచీకి నెట్టాడా? ఇంట్లో ఆడవాళ్లను కొట్టాడా? ‘సంఘానికి ఎంతో చేశాడు’ అన్న ఒక్క మాటతో మనం వాటిని కప్పేస్తాం. ఆ రాయి పక్కనుంచే ప్రతి ఆదివారం లోపలికి వెళ్లే కూలి మనిషిని ఎవరూ అడగరు.

ఈసారి సంఘంలో ఎవరి పేరైనా రాతి మీద చెక్కేముందు, కమిటీలోని యువతీ యువకులు ఒక ప్రశ్న అడగండి: ‘ఈ పేరు చూస్తే మనలో ఎవరికైనా గుండె కలుక్కుమంటుందా?’ జవాబు చెప్పవలసినవాళ్లు వేదిక మీద కాదు, వెనక బెంచీల్లో ఉంటారు. అక్కడికి వెళ్లి అడగండి. ఒక ఓడ పేరు మారగలిగినప్పుడు ఒక రాయి ఆగలేదా?