డిసప్పియర్ - కర్త లేని క్రియ

ఆంగ్లంలో 'డిసప్పియర్' అనే క్రియ ఒకటుంది. కనబడకుండా పోవడం, మాయమవడం, అంతరించడం - సందర్భాన్నిబట్టి ఈ అర్థాలన్నీ దానివే. ఇది అకర్మక క్రియ గనుక దీనికి కర్మణి ప్రయోగం లేదు. "ది కౌ వాజ్ డిసప్పియర్డ్" అని మనం రాస్తే లెక్చరర్లు ఎర్రసిరాతో కొట్టేస్తారు. వ్యాకరణరీత్యా అది న్యాయమే.

కానీ భాష జనం అవసరాన్నిబట్టి మారుతుంది. అర్జెంటీనాలో 1976 నుండి 1983 వరకు సాగిన సైనిక పాలనలో వేలాదిమందిని పట్టుకుపోయారు. వాళ్లు మళ్లీ ఇళ్లకు రాలేదు. మా బిడ్డలు మాయమవలేదు, మీరే మాయం చేశారని తల్లులు రాజధాని నడిబొడ్డున నిలబడి అడిగారు. అటువంటి సందర్భాల్లో "వాజ్ డిసప్పియర్డ్" అనే ప్రయోగానికి ఇప్పుడు ఆంగ్ల నిఘంటువుల్లోనూ చోటుంది. బలవంతపు అదృశ్యాలపై 2006లో ఐక్యరాజ్యసమితి ఒక ఒడంబడికనే ఆమోదించింది. తప్పనుకున్న ప్రయోగమే నిజానికి దగ్గరైందన్నమాట!

తెలుగుకు ఈ తంటా లేదు. 'మాయమవు' పక్కనే 'మాయంచేయు' ఉంది. 'అంతరించు'కు 'అంతరింపజేయు' ఉంది. అయినా మన నోట వచ్చేది ఎప్పుడూ మొదటిదే. ఎందుకంటే అందులో చేసినవాడు కనబడడు. ఎవరూ జవాబు చెప్పుకోనక్కర్లేదు.

పుంగనూరు ఆవునే చూడండి. సుమారు మూడడుగుల ఎత్తు. మెట్టపొలాల ఎండుగడ్డితోనే బతుకుతుంది. పాలలో వెన్న 8 శాతం దాకా ఉంటుంది. "ఆ ఆవులు యాడబోయినాయో తెలీదప్పా, మాయమైపోయినాయి" అంటారు పెద్దలు. అవి వాటంతటవే పోలేదు. చెంబెడు పాలు చాలవు, బిందెడు కావాలని సీమజాతులతో సంకరం చేయించింది మనుషులే. పలమనేరు పరిశోధనా కేంద్రం వంటివి పూనుకోబట్టి ఆ జాతి నిలిచింది. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి ఢిల్లీ నివాసంలో ఈ ఆవులకు మేత పెడుతున్న ఫోటోలు దేశమంతా చూసింది. సంతోషమే. కానీ నేడు లక్షలు పలికే ఆ ఆవును పుంగనూరు పల్లెల్లోని చిన్నరైతు కొనగలడా?

కుప్పం ఎల్ల దాటితే కోలారు బంగారు గనులు. నూరేళ్లకు పైగా నడిచి 2001లో మూతబడ్డాయి. పనులు మాయమయ్యాయి అన్నారు. మూసివేత ఒక నిర్ణయం. దానికి తేదీ ఉంది, సంతకం ఉంది. మదనపల్లె టమేటా మార్కెట్టులో 'ధర పడిపోయింది' అన్నప్పుడూ ఇంతే. పట్నంలో కొనేవాడు ఇచ్చే రూపాయికీ రైతు చేతికొచ్చే పైసలకూ మధ్య తేడా గాలిలో కలవలేదు. ఎవరి జేబులోనో ఉంది.

సైన్సు చదివేవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. పదార్థం నశించదు, రూపం మారుతుంది. హారతికర్పూరం సైతం హరించుకుపోదు. మండి, బొగ్గుపులుసు వాయువుగా, నీటి ఆవిరిగా మారుతుంది. అది ఎక్కడికి పోయిందో చెప్పకపోతే పరీక్షలో మార్కులు పడవు. మరి ఆవు, చెరువు, కూలి, ధర పోయినప్పుడు మాత్రం లెక్క అడగకుండా ఎందుకు ఊరుకుంటాం?

కనుక మిత్రులారా, ఇంగ్లీషు పరీక్షలో 'డిసప్పియర్డ్' అనే రాయండి, మార్కులు పోగొట్టుకోవద్దు. ఊళ్లో ఎవరైనా 'మాయమైంది' అంటే మాత్రం వెంటనే అడగండి: మాయం చేసిందెవరు?