సాంకేతిక వీథి: పాఠం చేరవలసిన చోటు

శిక్షణ తరగతులలోని ఉపన్యాసాలను రికార్డు చేసి ఆన్‌లైన్‌లో ఉంచే పని ఇప్పుడు అనేక కార్యాలయాలలో సాగుతున్నది. చిత్రీకరణ, కూర్పు ముగిసిన పిదప కంప్యూటరు చివరగా కొన్ని ప్రశ్నలు అడుగుతుంది. ఏ ఫార్మాట్? ఎంత రిజల్యూషన్? ఎంత బిట్ రేట్? అన్నింటిలో పెద్ద అంకెను ఎంచుకుంటే చాలునని పలువురు భావిస్తారు. అది ఎంతవరకు సమంజసమో పరిశీలిద్దాం.

దూరాన ఉన్నవారికి దృశ్యరూపంలో పాఠం చెప్పడం మనకు కొత్త కాదు. 1975 ఆగస్టు నుండి ఏడాదిపాటు సాగిన ‘సైట్’ ప్రయోగంలో ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల పల్లెలకు కార్యక్రమాలు చేరాయి. 2003లో ఢిల్లీ ఐ.ఐ.టి.తో సహా ఏడు ఐ.ఐ.టి.లు, బెంగుళూరు ఐ.ఐ.ఎస్‌సి. కలసి ఎన్.పి.టి.ఇ.ఎల్. పథకాన్ని చేపట్టాయి. 2017లో ‘స్వయం’ వేదిక ఆరంభమైంది. ఆనాడు ప్రసార ప్రమాణాలను ఇంజనీర్లు నిర్ణయించేవారు. నేడు ఆ బాధ్యత రికార్డు చేసినవారిపైనే పడింది.

ఇందులో కీలకమైనది బిట్ రేట్, అనగా ఒక్కొక్క సెకనుకు ఖర్చయ్యే సమాచార పరిమాణం. సెకనుకు 8 మెగాబిట్ల చొప్పున తయారైన గంట పాఠం 3.6 గిగాబైట్లు అవుతుంది. రోజుకు 1.5 గిగాబైట్ల డేటా మాత్రమే ఉన్న ఉద్యోగి దానిని మొబైల్‌లో చూస్తే 25 నిమిషాలకే ఆనాటి డేటా హరించుకుపోతుంది. అదే పాఠాన్ని సెకనుకు 1 మెగాబిట్ చొప్పున తయారుచేస్తే గంటకు 450 మెగాబైట్లే. నల్లబల్ల ముందు నిలిచి చెప్పే పాఠానికి తరచు ఇది సరిపోతుంది. ఎందుకనగా హెచ్.264 పద్ధతి ప్రధానంగా ఒక చిత్రానికీ మరొక చిత్రానికీ మధ్య మారిన అంశాలనే నమోదు చేస్తుంది. కదలని బల్లకు ఖర్చు స్వల్పం.

అయితే ఫైలు ఎక్కడికి వెళుతున్నదో ముందుగా తెలుసుకోవాలి. యూట్యూబ్ వంటి వేదిక మనమిచ్చిన ఫైలును తిరిగి కుదించి, వీక్షకుని నెట్‌వర్క్ వేగానికి తగినట్లు అనేక పరిమాణాలలో అందిస్తుంది. కనుక దానికి నాణ్యమైన ప్రతినే ఇవ్వాలి. 720 రిజల్యూషన్‌కు సెకనుకు 5, 1080కి 8 మెగాబిట్లు ఆ సంస్థ సూచించిన ప్రమాణాలు. ఫైలును ఉన్నదున్నట్లే పంపే కార్యాలయ సర్వరుకు మాత్రం చిన్న ప్రతి అవసరం. ఒకే ఫైలుతో రెండు పనులూ జరగాలనుకోవడమే చిక్కులకు మూలం.

రెండింటికీ ఎం.పి.4 ఫార్మాట్, హెచ్.264 పద్ధతి, ధ్వనికి ఎ.ఎ.సి. క్షేమకరం. పాత ఫోనులలో సైతం ఇవి సాధారణంగా తెరుచుకుంటాయి. కెమెరా సెకనుకు 25 చిత్రాలు తీసివుంటే 25, 30 తీసివుంటే 30 ఉంచాలి. మార్చితే కదలికలో తడబాటు కనిపించవచ్చు. స్లయిడ్‌లలో సన్నని అక్షరాలుంటే 1080, లేనిచో 720 చాలు.

ధ్వని విషయంలో పొదుపు తగదు. చిత్రం కొంత మసకబారినా విద్యార్థి సహిస్తాడు, మాట వినిపించకపోతే పాఠమే లేదు. సెకనుకు 128 కిలోబిట్ల ధ్వనికి గంటకు అయ్యేది సుమారు 58 మెగాబైట్లే. ఒక్క గొంతుకు మోనో చాలు.

మొత్తం పాఠాన్ని ఎక్స్‌పోర్ట్ చేయకముందే, అతి చిన్న అక్షరాలున్న ఒక్క నిమిషం భాగాన్ని సిద్ధంచేసి దూరప్రాంతంలోని సహోద్యోగికి పంపండి. ఆయన ఫోనులో అక్షరం చదవగలిగితే, మాట స్పష్టంగా వినగలిగితే ఆ కొలతలు సరైనవే. కుదించిన ఫైలు నుండి పోయిన వివరం తిరిగి రాదు కనుక మూలప్రతిని వేరొక డిస్కులో భద్రపరచండి. ఢిల్లీలోని వేగవంతమైన నెట్‌వర్క్‌పై ప్రతి పాఠమూ చక్కగానే కనిపిస్తుంది. పరీక్ష జరగవలసింది మారుమూల క్వార్టర్సులోని చిన్న తెరపైననే.