నవ్వు, పాట, మన యాస

పాటయు నవ్వును లేని యిల్లు ఉప్పులేని కూడు వంటిది. కావున పిల్లలు ర్యాప్ పాటలు వినుచున్నారనియు, టెలివిజన్‌లో హాస్యము చూచుచున్నారనియు కోపించువారిలో నేనొకడను గాను. నాకును వానియందు మక్కువ గలదు. అయినను మన బొయిపరిగుడవంటి చోట ఈ విషయమును కొంత ప్రత్యేకముగా ఆలోచింపవలసి యున్నది. బజారులో ఒడియా, సంతలో దేశియా వినబడు ఈ యూర, బడి విడిచిన పిదప మన పిల్లల చెవిని బడు తెలుగులో ఎక్కువ పాలు పాటలనుండియు, తెరనుండియు వచ్చునదే.

గడచిన వేసవిలో మా అన్నగారి కుమార్తె బంధువుల యింట పెండ్లికి విశాఖపట్టణము వెళ్ళెను. ఆమె నోరు విప్పగనే తోడిపిల్లలు నవ్విరట. టెలివిజన్‌లో వింత యాసతో నవ్వించు పాత్ర యేదో కలదట. ఆ పేరుతోనే ఆమెను రెండు దినములు పిలిచిరట. తిరిగి వచ్చిన పిదప ఆ బాలిక ఫోనులో వారితో మాటలాడుట మానివేసెను. నవ్వులాటయే గదా యని మేమనుకొంటిమి. కాని ఒక బిడ్డ తన తెలుగునకు తాను సిగ్గుపడుట చిన్న సంగతి కాదు.

మన మాటలో లోపమేమున్నది? 1936వ సంవత్సరమున ఒడిశా ప్రత్యేక రాష్ట్రమగు వరకు ఈ కొరాపుట్ సీమ విశాఖపట్టణము జిల్లాలో నుండెను. తెలుగు, ఒడియా, దేశియా ఇచ్చట తరతరములుగా పక్కపక్కనే కాపురమున్నవి. ఇరుగుపొరుగులు కూరగిన్నెలు మార్చుకొన్నట్లు అవి మాటలు మార్చుకొన్నవి. ఇది లోపము కాదు, చుట్టరికము.

ఈ దృష్టితో చూచినపుడు హాస్యములో నాకు నచ్చినది ‘అమృతం’. 2001 మొదలు 2007 వరకు జెమినీ టెలివిజన్‌లో ప్రసారమైన ఆ ధారావాహికలో హోటలు నడుపు మిత్రులిద్దరు తమ తెలివితక్కువ యెత్తులతో తామే చిక్కులలో బడుదురు. మనము నవ్వునది వారి పనులకు, వారి పుట్టుకకు గాదు. ఒకరి యాసనో, మేని రంగునో, లావునో చూపి నవ్వించుట సులభము. అందులో నటుని ప్రతిభ యెంత?

సినిమాలలో 2018 నాటి ‘కేరాఫ్ కంచరపాలెం’ నాకిష్టము. విశాఖపట్టణములోని ఆ పేటవారే యెందరో అందు నటించి, తమ మాటనే పలికిరి. 2023 నాటి ‘బలగం’ తెలంగాణ పల్లెలో ఒక ముసలివాని మరణముతో కూడుకొన్న కుటుంబము కథ. దాని దర్శకుడు వేణు యెల్దండి, అంతకుముందు ‘జబర్దస్త్’ హాస్యవేదికపై నవ్వించినవాడే! తెలంగాణలో ఊరూర తెర గట్టి ఆ చిత్రమును చూచి, జనులు కంట నీరు పెట్టుకొనిరి. తెరపై యాస వినబడినంతనే నవ్వవలెనను అలవాటునకు అది చక్కని సమాధానము.

ఇక ర్యాప్. 1973 ప్రాంతమున న్యూయార్కు నగరములోని బ్రాంక్స్ పేటలో, నల్లజాతి యువకుల వేడుకలనుండి ఈ కళ పెరిగెను. వీధిమాటయే దాని బలము. కెండ్రిక్ లమార్ ‘డ్యామ్’ ఆల్బమునకు 2018లో పులిట్జర్ సంగీత బహుమానము లభించెను. అంతదూర మేల? మన ఒడిశాలోనే కలహండికి చెందిన దూలేశ్వర్ టాండి 2020 లాక్‌డౌన్ నాళ్ళలో వలసకూలీల కష్టములను ర్యాప్‌గా పాడి పేరొందెను. అయితే గొప్పలు, బూతులు, వాద్యఘోష తప్ప మరేమియు లేని ర్యాప్ పాటలును పెక్కు కలవు. అవి నాకు రుచింపవు.

యాసను చూచి నవ్వించునది చిన్న వినోదము. యాసతో మనసును కదలించునది పెద్ద కళ. ఇదియే నా కొలబద్ద.

తల్లిదండ్రులారా, టెలివిజన్ కట్టివేయుటతో పని తీరదు. బిడ్డ ప్రక్కన కూర్చుండి, ‘ఇప్పుడెవరిని చూచి నవ్వితివి? ఎందుకు?’ అని యడుగుడు. విద్యార్థులారా, గుప్తేశ్వరము త్రోవను గూర్చియో, మన సంతను గూర్చియో, మీ యింటి తెలుగులో ఎనిమిది పంక్తులు తాళమునకు కట్టి చూడుడు.

మా బాలికకును నేనీ పనియే చెప్పితిని. మొదటి పంక్తిలోనే దేశియా మాట యొకటి దొర్లెను. ‘బాబాయీ, దీన్ని కొట్టేయనా?’ అని యడిగెను. ఉండనిమ్మంటిని.