ధైర్యం ఒక్కరి వల్ల పుట్టదు

కష్టంలో ఉన్న మనిషికి మనం ముందుగా చెప్పే మాట ‘ధైర్యం తెచ్చుకో’. ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో మాత్రం చెప్పం. ముందు తన విలువ తాను తెలుసుకోవాలి, మనసు గట్టి చేసుకోవాలి, ఆ తర్వాతే బతుకు దారిన పడుతుందన్న నమ్మకం మన సలహాల్లో బలంగా ఉంది. అప్పటికే కుంగిపోయిన మనిషికి ఇది మోయలేని మాట. బాధకు తోడు, తేరుకోలేకపోతున్నానన్న సిగ్గు కూడా వచ్చి చేరుతుంది. మూడు దశాబ్దాల కిందట నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు నడిపిన సారా వ్యతిరేక పోరాటం చెప్పే సంగతి వేరు. నలుగురితో కలిసి నిలబడ్డాకే మనిషికి తన విలువ తెలిసివస్తుంది.

ఆ పల్లెల్లో కూలి డబ్బులు సారా ప్యాకెట్లకు పోయేవి. మిగిలిన దాంతో పొయ్యి వెలిగించడం ఆడవాళ్ళ వంతు, దెబ్బలు తినడమూ వాళ్ళ వంతే. ఇంటింటా ఇదే బాధ ఉన్నా, ఎవరికి వారు ‘నా రాత ఇంతే’ అనుకుని తలుపు చాటున దాచుకున్నారు. 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమం పెట్టిన రాత్రి బడులు వాళ్ళను ఒకచోట కూర్చోబెట్టాయి. సారా వల్ల చితికిన కుటుంబం గురించి వాచకంలో పాఠం చదివి మాట్లాడుకుంటుంటే, ఒక్కొక్కరూ మోస్తున్న దుఃఖం ఊరందరిదీ అని తేలింది. దూబగుంట అనే పల్లెలో రోశమ్మ, తోటి మహిళలు ఊళ్ళోకి సారా రానివ్వబోమని తెగేసి చెప్పారు. ఆ పోరాటమే ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అనే పాఠమై మిగతా ఊళ్ళను కదిలించింది. 1992లో జిల్లాలో సారా వేలంపాటలకు మహిళలు అడ్డుపడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. ఇక్కడ ముందు నోరు పెగిలింది, తర్వాత తోడు దొరికింది, ఆ తోడుతో పని జరిగింది. ఆత్మగౌరవం ఆ పనిలోంచి పుట్టుకొచ్చింది.

1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో ఎత్తేశారు కదా, ఇక మిగిలిందేమిటని అడగవచ్చు. చట్టం పోయింది, కూడబలుక్కునే అలవాటు పోలేదు. రోజుకు రూపాయి దాచుకునే పొదుపు ఉద్యమం అదే జిల్లాలో వేళ్ళూనుకుంది. పేదల ఓర్పును పొగిడితే పాలకుల బాధ్యత మరుగున పడుతుందన్నది ఇంకో అభ్యంతరం. అది నిజమే. అయితే నెల్లూరు మహిళలు ఓర్చుకున్నందుకు కాదు, ఇక ఓర్చుకోబోమన్నందుకే గెలిచారు, ప్రభుత్వాన్నే దిగివచ్చేలా చేశారు. కొన్ని గాయాలకు వైద్యుడి సాయం తప్పదన్నదీ కాదనలేం. కానీ వైద్యుడి దాకా వెళ్ళాలన్నా, ముందు ఆ బాధను నవ్వకుండా, తప్పుపట్టకుండా వినే మనిషి ఒకరు కావాలి.

అందుకే కుంగినవారికి ధైర్యవచనాల కంటే కూర్చుని మాట్లాడుకునే చోటు అవసరం. పొదుపు సంఘాల సమావేశాలు వాయిదాల లెక్కలతోనే ముగిసిపోకూడదు. ‘ఇంట్లో ఎలా ఉంది’ అని అడిగే కాసేపు అందులో ఉండాలి. పరీక్ష తప్పిన పిల్లలకు కాలేజీలోనూ, అప్పుల్లో కూరుకుపోయిన రైతుకు ఊళ్ళోనూ అలాంటి చోటు ఒకటి ఉండాలి. దూబగుంటలో మార్పు మొదలైంది కూడా పదిమంది ఆడవాళ్ళు కూర్చున్న రాత్రి బడిలోనే.