అంగుళమెత్తు సైన్యం

మహాభారతంలోని యుద్ధపర్వాలు బోధిస్తున్న రోజుల్లో ఒక విద్యార్థి లేచి, "సార్, అక్షౌహిణి అంటే ఎంత సైన్యం?" అని అడిగాడు. 21,870 రథాలు, 21,870 ఏనుగులు, 65,610 గుర్రాలు, 1,09,350 మంది కాల్బలం అని నల్లబల్ల మీద రాశాను. అటువంటివి పద్దెనిమిది కురుక్షేత్రంలో ఎదురెదురుగా నిలిచాయని చెప్పాను. తరగతి అంతా ఆ అంకెలను శ్రద్ధగా రాసుకుంది. పరీక్షలో కూడా తప్పు లేకుండా రాసింది. కాని ఆ అంకెల వెనుక ఉన్న మనుషులు వాళ్ళకు కనిపించలేదు. నిజం ఒప్పుకోవాలంటే, పాతికేళ్ళుగా ఆ పాఠం చెబుతున్న నాకూ కనిపించలేదు.

సంఖ్య స్వభావమే అంత. పది అనడానికీ, లక్ష అనడానికీ నాలుకకు పట్టే శ్రమ ఒక్కటే. అందుకే చరిత్ర పుస్తకాల్లో వేలమంది మరణం ఒక వాక్యంలో ముగిసిపోతుంది. ఆ తరువాతి వాక్యంలో సంధి షరతులు మొదలవుతాయి. ఇటువంటి సంఖ్యలను కంటికీ, చేతికీ అందించే విచిత్రమైన వ్యాసంగం ఒకటి ఐరోపాలో ఉంది. నెపోలియన్ కాలపు సేనలను ప్లాస్టిక్ బొమ్మలతో, వందలూ వేలుగా నిర్మించడమే ఆ వ్యాసంగం. మొదట విన్నప్పుడు పెద్దవాళ్ళ పసితనమని నవ్వుకున్నాను. లోతుగా తెలుసుకున్న కొద్దీ ఆ నవ్వు ఆగిపోయింది.

ఈ బొమ్మల్లో బాగా ప్రచారం పొందినవి అసలు మనిషిలో డెబ్బై రెండో వంతు ఎత్తు ఉంటాయి. అంటే దాదాపు ఒక అంగుళం. మెత్తని పాలిథీన్‌తో అచ్చుపోసిన ఈ సైనికులు నలభై యాభై మంది ఒక చిన్న అట్టపెట్టెలో ఇమిడిపోతారు. వాటిని ముందుగా సబ్బునీటితో కడగాలి. లేకపోతే అచ్చు నుంచి అంటిన జిడ్డు మీద రంగు నిలవదు. ఆరిన తరువాత తొలిపూత వేసి, సన్నని కుంచెతో రంగులు దిద్దాలి. ఇక్కడే అసలు పరీక్ష. ఫ్రెంచ్ పదాతి సైనికుడికి నీలికోటు వేస్తే సరిపోదు. అతడు గ్రెనేడియర్ అయితే ఎర్రని భుజకీర్తులు ఉండాలి. సామాన్య ఫ్యుసిలియర్ అయితే అతడు ఏ కంపెనీవాడో టోపీ మీది కుచ్చు రంగు చెప్పాలి. ఒక్క కుచ్చుకు సరైన రంగు వేయడానికి పాత ఉత్తర్వులను, చిత్రాలను గాలించేవారు ఉన్నారు. చూసేవారికి ఇది చాదస్తంగా తోచవచ్చు. ఒక పద్యంలోని ఒక్క అక్షరం కోసం నాలుగు తాళపత్ర ప్రతులను పోల్చి చూసే పండితుడి శ్రద్ధకూ, దీనికీ భేదం నాకు కనిపించదు.

ఇక లెక్క చూద్దాం. 1808లో నెపోలియన్ జారీ చేసిన ఉత్తర్వు ప్రకారం ఒక పదాతి బెటాలియన్‌లో ఆరు కంపెనీలు, ఒక్కో కంపెనీలో 140 మంది, మొత్తం 840 మంది ఉండాలి. ఇరవై మందికి ఒక బొమ్మ చొప్పున నిలబెడితే బెటాలియన్‌కు 42 బొమ్మలు అవుతాయి. 1815 జూన్ 18న వాటర్లూలో నెపోలియన్ వెంట ఉన్న సేన సుమారు 73,000. అదే లెక్కన 3,650 బొమ్మలు కావాలి. రోజుకు రెండు బొమ్మలకు రంగులు వేస్తూ పోతే సరిగ్గా అయిదేళ్ళు పడుతుంది. ఆనాటి యుద్ధం మధ్యాహ్నానికి కాస్త ముందు మొదలై రాత్రికి ముగిసింది. ఆ కొద్ది గంటల్లో మూడు సేనల్లోనూ కలిపి సుమారు 50,000 మంది మరణించారు, గాయపడ్డారు, లేదా జాడ తెలియకుండా పోయారు. బొమ్మల లెక్కలో అది 2,500. అంటే ఒక మనిషి దాదాపు మూడున్నర ఏళ్ళు ఓపికగా దిద్దిన ముఖాలు ఒక్క పూటలో నేలకొరిగాయన్నమాట. ఈ మాట చదివి తెలుసుకోవడం వేరు, వేళ్ళకు రంగు అంటించుకుని తెలుసుకోవడం వేరు.

ఈ బొమ్మల చరిత్రలో నన్ను ఆలోచింపజేసిన విషయం మరొకటి ఉంది. 1970ల దశకంలో బ్రిటన్‌కు చెందిన ఎయిర్‌ఫిక్స్ సంస్థ వాటర్లూ సైనికుల పెట్టెలను అందించింది. చక్రవర్తి అంగరక్షక దళం, స్కాట్లాండు పదాతులు, అశ్వికులు, ఫిరంగిదళం వంటి ఆకర్షణీయమైన దళాలన్నీ వాటిలో ఉన్నాయి. కాని రెండు సేనల్లోనూ అధిక సంఖ్యాకులైన సామాన్య పదాతి సైనికులకు ఆ వరుసలో చోటు దక్కలేదు. రైతు కుటుంబాల నుంచి బలవంతపు చేరికలో వచ్చిన ఫ్రెంచ్ యువకుడు అట్టపెట్టెలోనూ అనామకుడే అయ్యాడు. అప్పుడు అభిరుచిపరులు ఏం చేశారు? వేరే బొమ్మల తలలు కోశారు, సూదిమొనతో అతికారు, టోపీలు చెక్కారు, లేని సామాన్యుణ్ణి తామే సృష్టించుకున్నారు. తరువాతి దశాబ్దాల్లో హాట్, ఇటలేరి, జ్వెజ్దా వంటి సంస్థలు ఆ లోటును చాలావరకు పూరించాయి. వీరుడి విగ్రహం ఎవరైనా పెడతారు. వరుసలో మూడోవాడిగా నిలిచిన పేరులేని సిపాయిని నిలబెట్టడానికే శ్రద్ధ కావాలి.

ఈ శ్రద్ధకు మూల్యం చెల్లించినవాడు విలియం సైబోర్న్. బ్రిటిష్ సైన్యంలో లెఫ్టినెంట్ అయిన ఇతడిని 1830లో వాటర్లూ యుద్ధ నమూనా తయారు చేయమని పైఅధికారులు నియమించారు. అతడు యుద్ధభూమిలోని ఒక వ్యవసాయ గృహంలో ఎనిమిది నెలలు ఉండి నేలను కొలిచాడు. యుద్ధంలో పాల్గొన్న అధికారులకు ఉత్తరాలు రాసి, ఏ దళం ఎప్పుడు ఎక్కడ ఉందో అడిగి తెలుసుకున్నాడు. మధ్యలో ప్రభుత్వం ధనసహాయం నిలిపివేసినా సొంత ఖర్చుతో పని సాగించాడు. సుమారు 75,000 లోహపు బొమ్మలతో తీర్చిన ఆ నమూనా 1838లో లండన్‌లో ప్రదర్శితమైంది. అయితే విజయంలో ప్రష్యన్ సేన పాత్రను అది ఎక్కువగా చూపుతోందన్న అసంతృప్తి విజేత వెల్లింగ్టన్ పక్షంలో వ్యక్తమైంది. చివరకు ప్రష్యన్ బొమ్మలను పెద్ద సంఖ్యలో తొలగించవలసి వచ్చింది. సైబోర్న్ 1849లో మరణించాడు. ఆ నమూనా నేటికీ లండన్‌లోని జాతీయ సైనిక మ్యూజియం సేకరణలో ఉంది. బొమ్మలాటే కదా అని మనం తేలికగా తీసుకునే చోట కూడా సత్యానికీ, అధికారానికీ మధ్య ఘర్షణ తప్పలేదు. బల్ల మీది బొమ్మను తీసివేయడం సులభమే. ఆ బొమ్మ సూచించే మనుషులు అక్కడ పోరాడిన మాటను తీసివేయడం సులభం కాదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వినిపిస్తుంది. యుద్ధం వినోదమా? వేలమంది చావును బల్లమీద పరిచి ఆడుకోవడం సంస్కారమా? ఈ ప్రశ్నను తోసిపుచ్చలేం. బొమ్మల యుద్ధానికి పూర్వచరిత్ర నిర్దోషమైనది కాదు. 1824లో ప్రష్యా సైన్యం ఇటువంటి క్రీడనే అధికారుల శిక్షణకు స్వీకరించింది. అక్కడ ఆట అసలు యుద్ధానికి అభ్యాసమయింది. మరోవైపు ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ 1913లో 'లిటిల్ వార్స్' అనే పుస్తకంలో బొమ్మ సైనికుల ఆటకు నియమాలు కూర్చాడు. యుద్ధం మీద మోజు ఉన్నవారు దానిని బొమ్మలతోనే తీర్చుకుంటే లోకానికి మేలని అతడి వాదన. మరుసటి ఏడాదే మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. బొమ్మలు యుద్ధాన్ని తేలేదు, ఆపనూ లేదు. కాబట్టి గుణమైనా దోషమైనా బొమ్మలో లేదు, దానిని పట్టుకున్న చేతిలో ఉంది.

బొమ్మ దాచిపెట్టే సంగతులు మాత్రం మనం మరువరాదు. యుద్ధానికి ముందురోజు వాటర్లూలో జోరువాన కురిసింది. సైనికులు రాత్రంతా బురదలో తడిశారు. బల్ల మీద మాత్రం కోట్లు ఇస్త్రీ చేసినట్టు మెరుస్తాయి. అక్కడ ఆకలి లేదు, గాయపు వాసన లేదు, ఇంటి దగ్గర ఎదురుచూసే తల్లి లేదు. అన్నిటికంటే పెద్ద అబద్ధం, పడిపోయిన బొమ్మ సాయంత్రానికి మళ్ళీ లేచి నిలబడడం. భారత కవులు యుద్ధపర్వాలతో కథ ముగించలేదు. ఆ తరువాత స్త్రీపర్వం ఉంచారు. బొమ్మల బల్లకు స్త్రీపర్వం లేదు. దానిని ఆడేవాడే తన మనసులో రాసుకోవాలి.

ఆ యుద్ధాలు మనకు పూర్తిగా పరాయివి కూడా కావు. వాటర్లూ విజేత వెల్లింగ్టన్, ఆర్థర్ వెల్లెస్లీగా 1803 సెప్టెంబరు 23న నేటి మహారాష్ట్రలోని అస్సాయే వద్ద మరాఠా సేనలతో తలపడ్డాడు. అతడి సేనలో ఎక్కువమంది మద్రాసు పదాతి, అశ్విక దళాలకు చెందిన సిపాయిలు. ఆ దళాల్లో తెలుగునాటివారు, తమిళనాటివారు ఉండేవారు. తాను చేసిన యుద్ధాల్లో ఉత్తమమైనది ఏదని తరువాతి కాలంలో అడిగితే అతడు అస్సాయే పేరే చెప్పాడంటారు. ఆ పేరు అతడి కీర్తికి చేరింది. అక్కడ ఒరిగిన సిపాయిల ఊళ్ళు, పేర్లు మనలో ఎందరికి తెలుసు?

చివరగా ఒక్క లెక్క. ఫ్రెంచ్ ఇంజనీరు షార్ల్ మినార్ 1869లో గీసిన ప్రసిద్ధ పటం ప్రకారం, 1812లో నెపోలియన్‌తో రష్యా మీదికి బయలుదేరినవారు 4,22,000 మంది. తిరిగివచ్చినవారు 10,000 మంది. ఇరవైకి ఒక బొమ్మ చొప్పున వెళ్ళే దారిలో 21,100 బొమ్మలు నిలబెట్టాలి. రోజుకు రెండు చేస్తే దాదాపు ఇరవై తొమ్మిదేళ్ళు, ఒక మనిషి ఉద్యోగ జీవితమంతా పడుతుంది. తిరుగుదారిలో నిలబెట్టవలసినవి 500. మిగిలిన బల్ల అంతా ఖాళీ.

విద్యార్థులు బొమ్మల సేనలు కొనాలని నేను చెప్పను. అది ఖర్చుతోనూ, కాలంతోనూ కూడిన పని. ప్రవేశ పరీక్షల ఒత్తిడిలో అభిరుచి అన్న మాటే మీకు దూరమవుతోందని నాకు తెలుసు. అయినా ఏదో ఒక పనిలో ఈ ఓపిక అలవరచుకోండి. చరిత్ర పాఠంలో పెద్ద సంఖ్య ఎదురైనప్పుడు దాటిపోకుండా ఒక్క క్షణం ఆగండి. దానిని ఇరవైతో భాగించి, ఒక్కొక్కటిగా బల్ల మీద నిలబెట్టినట్టు ఊహించండి. నేటికి నా తరగతిలో ఎవరైనా అక్షౌహిణి అంటే ఎంత అని అడిగితే, నల్లబల్ల మీద అంకెలు రాయడంతో ఆపను. "రోజుకు ఇద్దరి ముఖాలు దిద్దుతూ కూర్చుంటే మీ జీవితం చాలుతుందా, లెక్క వేసి చెప్పండి" అంటాను.