ఆగి ఆగి పోయే దారికి ఏ కారు మేలు?

పిల్లలూ! పెట్రోలు ఆదా కావాలంటే హైబ్రిడ్ కారే కొనాలా, లేక మామూలు ఇంజనునే మెరుగుపరచుకుంటే సరిపోతుందా? మా బార్కస్ పిల్లలు తరచు అడిగే ప్రశ్న ఇది. బండిని చూసి కాదు, అది తిరిగే దారిని చూసి జవాబు చెప్పాలని నా అభిప్రాయం.

ముందు ఒక లెక్క చేద్దాం. 1,200 కిలోల కారు గంటకు 36 కి.మీ. వేగంతో, అంటే సెకనుకు 10 మీటర్ల వేగంతో పోతోందనుకోండి. దాని గతిజశక్తి 60,000 జౌళ్ళు. బ్రేకు వేయగానే అదంతా ఘర్షణవల్ల వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. లీటరు పెట్రోలులో సుమారు 3 కోట్ల 20 లక్షల జౌళ్ళ శక్తి ఉంటుంది. ఇంజను అందులో నాలుగో వంతునే పనిగా మార్చగలిగితే, ఆ 60,000 జౌళ్ళకు 7.5 మిల్లీలీటర్ల పెట్రోలు కావాలి. చిన్న చెంచాతో ఒకటిన్నర చెంచాలన్నమాట! అలా వందసార్లు ఆగితే ముప్పావు లీటరు బూడిదలో పోసినట్లే. బార్కస్ నుంచి చాంద్రాయణగుట్ట, ఫలక్‌నుమా మీదుగా చార్మినార్ వెళ్ళేవారికి ఆగడమంటే ఏమిటో నేను చెప్పనక్కరలేదు.

ఇంజను దక్షతను 40 శాతానికి పెంచితే 7.5కు బదులు 4.7 మిల్లీలీటర్లు చాలు. ఇది చిన్న లాభం కాదు. కాని బ్రేకులో పోయిన శక్తిని ఎంత గొప్ప ఇంజనైనా వెనక్కి తేలేదు. ఆ పని చేసేది హైబ్రిడ్. కారు వేగం తగ్గేటప్పుడు దానిలోని మోటారు జనరేటరుగా మారి బ్యాటరీని నింపుతుంది. మళ్ళీ కదిలేటప్పుడు ఆ విద్యుత్తే కారును ముందుకు తోస్తుంది. కొంత నష్టం తప్పదు, అయినా చాలా భాగం దక్కుతుంది. ఆగి ఉన్నప్పుడు ఇంజను ఊరికే తిరగదు కూడా. 1997లో జపానులో అమ్మకానికి వచ్చిన టయోటా ప్రియస్ ఈ సూత్రంతోనే పేరు తెచ్చుకుంది.

అదే 158 కి.మీ. పొడవున్న మన ఔటర్ రింగ్ రోడ్డు మీదయితే? అక్కడ బ్రేకుతో పని తక్కువ. శక్తిలో ఎక్కువ భాగం గాలిని చీల్చుకుపోవడానికే ఖర్చవుతుంది. కనుక అక్కడ హైబ్రిడ్ ఆధిక్యం బాగా తగ్గిపోతుంది.

ఇక డబ్బు సంగతి. 2022లో మన దేశంలో విడుదలైన మారుతి గ్రాండ్ విటారా హైబ్రిడ్ లీటరుకు 27.97 కి.మీ. ఇస్తుందని కంపెనీ చెప్పింది. దాన్ని 28 అనుకుని, మామూలు కారుకు 21 అనుకుందాం. 84,000 కి.మీ. తిరిగితే మిగిలే పెట్రోలు 1,000 లీటర్లు. రోజుకు 30 కి.మీ. తిరిగే ఇంటి కారుకు అంత దూరం చేరడానికి దాదాపు ఏడున్నర ఏళ్ళు పడుతుంది. రోజుకు 150 కి.మీ. తిరిగే టాక్సీకి ఏడాదిన్నర చాలు.

అందుచేత హైబ్రిడ్‌కు ప్రోత్సాహం ఇవ్వదలిస్తే మొదట నగరంలో తిరిగే టాక్సీలకే ఇవ్వాలి. అప్పుడప్పుడు మాత్రమే బయటికి తీసే ఇంటి కారుకు మంచి మామూలు ఇంజను చాలు. రోజంతా పొగ పీల్చేది రోడ్డు పక్కన దుకాణం పెట్టుకున్నవారు, నడిచి బడికి వెళ్ళే మీరు. వారానికొకసారి కదిలే కారు మారితే ఆ గాలి ఎంత మారుతుంది?

ఈసారి మీరు బస్సెక్కినప్పుడు అది ఎన్నిసార్లు ఆగిందో లెక్కపెట్టండి. బస్సు బరువు తెలుసుకుని, పైన చేసిన లెక్కను మీరే మళ్ళీ చేసి చూడండి.