అల్లుడుగారి ఎన్నికలు, మన ఛానెళ్ళు

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత "నువ్వు ఫలానా పార్టీ మనిషివి" అని ఎవరూ కనిపెట్టక్కర్లేదు. 2024 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో నేను కమలా హారిస్ పక్షం. నాకక్కడ ఓటు లేదు. న్యూజిలాండ్‌లో హామిల్టన్ అనే ఊళ్ళో, వైకాటో నది పక్కన, కోడ్ రాసుకుని బతికేవాణ్ణి. "మరి నీకెందుకయ్యా ఆ గోల?" అంటారా? మా బాబాయి కొడుకు డాలస్‌లో పదకొండేళ్ళుగా హెచ్‌వన్ మీద ఉన్నాడు. ఇక్కడ రెసిడెన్సీ వచ్చి, దేశంలో ఏడాది ఉంటే చాలు, పౌరసత్వం లేకపోయినా ఓటు వేయనిస్తారు. వాడు మాత్రం పదకొండేళ్ళు పన్ను కట్టినా ఆ బ్యాలెట్ పెట్టె దరిదాపుల్లోకి పోలేడు. అలాంటివాడికి ఆ ఎన్నికల్లో తన గురించి ఏం మాట్లాడుకుంటున్నారో తెలుగులో చెప్పాల్సింది తెలుగు మీడియా. చెప్పిందా?

2024 జులై 15న మిల్వాకీలో ట్రంప్ తన ఉపాధ్యక్ష అభ్యర్థిగా జె.డి. వాన్స్ పేరు ప్రకటించాడు. తెల్లారేసరికి మన ఛానెళ్ళకి ఆయన ఆంధ్రా అల్లుడైపోయాడు! పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరుకి కెమెరాలు, కృష్ణా జిల్లా సాయిపురానికి కెమెరాలు. చిలుకూరివారి వంశవృక్షం కొమ్మలు కొమ్మలుగా తెర మీదికొచ్చింది. అభ్యర్థి ఏమంటున్నాడో తెలియదుగానీ, అత్తవారిది ఏ ఊరో మాత్రం అందరికీ కంఠతా వచ్చేసింది.

17వ తేదీ రాత్రి ఉషా వాన్స్ వేదికెక్కి భర్తని పరిచయం చేసింది. తన శాకాహారానికి ఆయన అలవాటు పడ్డాడనీ, తన తల్లి దగ్గర మన వంటలు నేర్చుకున్నాడనీ చెప్పింది. బాగానే మాట్లాడింది, కాదనను. యేల్‌లో లా చదివి, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి దగ్గర క్లర్క్‌గా చేసిన మనిషి. ఆవిడ తెలివికి నా సర్టిఫికెట్ అక్కర్లేదు. కానీ అదే రాత్రి, అదే హాల్లో, ఎదురుగా కూచున్న జనం చేతుల్లో అచ్చేసిన అట్టలున్నాయి. వాటి మీద ఉన్నది "సామూహిక బహిష్కరణ ఇప్పుడే" అని. నేను చూసిన తెలుగు బులెటిన్లలో వంట ముచ్చట ఉంది, అట్టల ముచ్చట లేదు.

"అవి దొంగతనంగా సరిహద్దు దాటినవాళ్ళ గురించండీ, మనం వీసాతో వచ్చాం" అని మనవాళ్ళు ధైర్యం చెప్పుకున్నారు. సరే, స్ప్రింగ్‌ఫీల్డ్ సంగతి చూడండి. ఒహాయోలోని ఆ ఊళ్ళో ఉన్న హైతీవాళ్ళలో ఎక్కువమంది చట్టబద్ధంగా ఉన్నవాళ్ళే. వాళ్ళు పెంపుడు కుక్కల్నీ పిల్లుల్నీ తింటున్నారని 2024 సెప్టెంబరు 10న డిబేట్‌లో కోట్లమంది చూస్తుండగా ట్రంప్ అన్నాడు. అంతకు ముందునించే ఆ పుకారుని మోసుకు తిరిగింది ఒహాయో సెనేటరైన మన అల్లుడుగారే. 15వ తేదీన సీఎన్ఎన్‌లో నిలదీస్తే, మీడియా పట్టించుకోవడానికి కథలు సృష్టించాల్సొస్తే సృష్టిస్తానన్న అర్థం వచ్చేట్టు మాట్లాడాడు. కాగితాలు సరిగ్గా ఉన్నవాళ్ళ మీదే కథ అల్లగలిగినవాడికి మీ ఐ-797 కాగితం ఏపాటి అడ్డు?

ఇంకోటి. ఆ జూన్‌లో ట్రంప్ ఒక పాడ్‌కాస్ట్‌లో, అమెరికాలో డిగ్రీ పుచ్చుకున్న ప్రతి విదేశీ విద్యార్థికీ పట్టాతోపాటు గ్రీన్ కార్డు ఇవ్వాలన్నాడు. మన వాట్సాప్ గ్రూపుల్లో పండగే పండగ. అబ్బే, అది బాగా వడపోసిన కొద్దిమందికేనని ఆయన ప్రచారం వాళ్ళే వెంటనే సర్దేశారు. ఆ సర్దుబాటు మా గ్రూపుల్లో ఎవరూ ఫార్వర్డ్ చేసిన పాపాన పోలేదు.

అటు డెమొక్రాట్లు మాత్రం ఏం ఊడబొడిచారని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఉద్యోగాల కోటాలో ఒక్కో దేశానికి ఏడు శాతమన్న పరిమితి బైడెన్ నాలుగేళ్ళలోనూ కదల్లేదు. హారిస్ కోసం తమిళనాడు తులసేంద్రపురంలో చేసిన పూజలూ ఈ బాపతే. కానీ చేతకానితనం వేరు, నీ మీద జనాన్ని ఎగదోయడం వేరు.

నవంబరు 6 బుధవారం, మాకు మధ్యాహ్నం నించీ ఫలితాలు రావడం మొదలైంది. ట్రంప్ 312, హారిస్ 226. మన ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడుగారు ఉష తెలుగు మూలాల్ని తలుచుకుంటూ వాన్స్‌కి శుభాకాంక్షలు చెప్పారు. మర్యాదే, తప్పులేదు. డాలస్ తమ్ముడు ఫోన్ చేసి, "మన అల్లుడున్నాడు కదన్నయ్యా, మనకేం కాదు" అన్నాడు. ఛానెళ్ళు నాలుగు నెలలు నేర్పిన పాఠం అదే మరి.

2025 జనవరి 20న ప్రమాణం చేసిన రోజే, తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రికి పౌరసత్వమో గ్రీన్ కార్డో లేకపోతే, ఇకపై అక్కడ పుట్టే బిడ్డకి పౌరసత్వం లేదని ట్రంప్ ఉత్తర్వు ఇచ్చాడు. అంటే హెచ్‌వన్, హెచ్‌ఫోర్ జంటల బిడ్డలు. కోర్టులు అడ్డుపడ్డాయి, 2025 డిసెంబరులో సుప్రీంకోర్టు విచారణకి తీసుకుంది. వంశవృక్షం చూపించిన ఛానెళ్ళే, "ఎన్నారైలకు షాక్" అని ఎర్రక్షరాలేశాయి. షాకేమిటి నాయనా? ఇది ఆయన 2023లోనే వీడియోలో చెప్పిన మాట!

ఇక్కడ నా సొంత దేశం గురించీ చెప్పాలి, లేకపోతే మోసం. న్యూజిలాండ్ కూడా 2006 జనవరి 1 నించి పుట్టుకతో పౌరసత్వం తీసేసింది. తల్లిదండ్రుల్లో ఒకరికైనా పౌరసత్వమో శాశ్వత నివాసమో ఉండాలి. మా అమ్మాయి పుట్టినప్పుడు మేం వర్క్ వీసా మీద ఉన్నాం, దానికి ఆ హక్కు దక్కలేదు. నాకది నచ్చదు. కానీ పార్లమెంటు చర్చించి చట్టం చేసింది. పెన్ను తిప్పి రాజ్యాంగ సవరణనే తిరగరాయలేదు.

2025 సెప్టెంబరు 20, మాకు శనివారం పొద్దున్న. కొత్త హెచ్‌వన్ దరఖాస్తుకి లక్ష డాలర్లని అక్కడ శుక్రవారం సాయంత్రం సంతకం పెట్టారు. తమ్ముడు బతుకమ్మకని పిల్లల్ని తీసుకుని హైదరాబాదు వచ్చి ఉన్నాడు. వెంటనే వెనక్కి రమ్మని కంపెనీ నించి మెయిల్. ఉత్తర్వు అమలుకి ముప్పై గంటల చిల్లర. అర్ధరాత్రి రెండు గంటలకి ఫోన్ చేసి, "అన్నయ్యా, నేనొక్కణ్ణే వెళ్ళనా, పిల్లల్ని అమ్మ దగ్గర వదలనా?" అని అడిగాడు. నేనేం చెప్పను? టికెట్ కొన్నాడు, పిల్లల్ని నిద్రలోనే ముద్దు పెట్టుకుని బయల్దేరాడు. ఇప్పటికే వీసా ఉన్నవాళ్ళకి వర్తించదని వైట్‌హౌస్ వివరణ ఇచ్చేసరికి వాడు గాల్లో ఉన్నాడు. అల్లుడుగారి మాట ఆ రాత్రి వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఇది కేవలం డబ్బు గొడవైతే ఇంత రాయను. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేతాలో, మా దేశం నించి పొమ్మని అరుస్తూ ఒకడు కూచిభొట్ల శ్రీనివాస్‌ని కాల్చి చంపాడు. ముప్పై రెండేళ్ళ ఇంజనీరు. శవపేటిక హైదరాబాదు చేరేదాకా మన కెమెరాలు వెంటబడ్డాయి. భర్తతోపాటు తన వీసా ఆధారం కూడా పోయిన సునయన గతేమిటన్నది ఎంతమంది వెంటబడి రాశారు? ఆమెకి సాయపడ్డవాడు కాన్సస్ రిపబ్లికన్ సభ్యుడు కెవిన్ యోడర్. ఆ మాట నేను దాచను. అలాంటి రిపబ్లికన్లు ఎటు పోయారని అడిగినా అదొక వార్తయ్యేది.

2028లో వాన్స్ పోటీ చేస్తాడని ఊహాగానాలు మొదలయ్యాయి. వడ్లూరుకి మళ్ళీ కెమెరాలు వెళ్తాయి. ఎడిటర్లకి ఒక్క విన్నపం: ఈసారి వెళ్ళినప్పుడు ఆ చుట్టుపక్కల ఊళ్ళ నించి ఎంతమంది పిల్లలు హెచ్‌వన్ మీద ఉన్నారో కనుక్కోండి. వాళ్ళ అమ్మానాన్నల్ని కెమెరా ముందు కూచోబెట్టి, అల్లుడుగారిని ఏమడగాలో వాళ్ళనే అడగనివ్వండి.